రెప్పలు తీసేసిన కెమెరా

మొన్న నంద్యాలలో కంటి ఆసుపత్రికి పోయాను. కంట్లో చుక్కలు వేసి, మసక గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఒక చిన్న పీట మీద పెట్టమన్నారు, నుదురు పట్టీకి ఆనించమన్నారు. యంత్రం అవతల కూర్చున్న పిల్లకు నా మనవరాలి ఈడు ఉంటుంది. "కదలకుండా కూసో అవ్వా, కంటి లోపల ఫోటో తీస్తాండా" అంది.

కదలకుండా కూర్చోవడం పుట్టినప్పటి నుంచీ నా వల్ల కాని పని. చిన్నప్పుడు కాళ్లు ఊరుకునేవి కావు, ఇప్పుడు చేతులు ఊరుకోవు. ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి దానంతట అదే వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు భుజానికి ఎక్కి, అక్కడి నుంచి గడ్డానికి పాకింది. "చెదిరిపోయింది అవ్వా" అంటూ ఆ పిల్ల మళ్లీ తీసింది. మళ్లీ చెదిరింది. తీసిన ప్రతిసారీ లోపలెక్కడో 'టిక్' మని చిన్న చప్పుడు.

ఆ చప్పుడుకు నేను వచ్చిన పని మరచిపోయాను. ఆసుపత్రి వాసన పోయి, ముక్కుకు ఫోటోలు కడిగే నీళ్ల పుల్లటి ఘాటు తగిలింది. దాని వెనకే బుడ్డల నూనె వాసన. మా వైపు వేరుశనక్కాయలను బుడ్డలంటాం. కెమెరా సంగతిలోకి ఆ నూనె ఎట్లా వచ్చిందో చెబుతాను.

మా అమ్మకు ఒక తమ్ముడు. నంద్యాలలో ఫోటోలు తీసేవాడు. మాది సంజామల వైపు పల్లె. అక్కడ ఆడపిల్లకు చదువెక్కడిదని అమ్మ నన్ను తెచ్చి ఆ మామ ఇంట్లో వదిలింది. తీరా చూస్తే పట్నం బడికీ నేను పోలేదు. మామ ఇంటికి వచ్చిన వారానికే జ్వరం తగిలింది, ఆ తర్వాత ఎవరూ పొమ్మనలేదు. మా అత్తే నాకు బడి. నాపరాళ్ల నేల మీద తడివేలితో అక్షరం రాసేది. అది ఆరిపోయేలోపు నేను చదవాలి. ఒకచోట నిలవని పిల్లకు అంతకంటే మంచి పలక లేదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె తడివేలి చలవే.

ఇంటి ముందుగది స్టూడియో. పైకప్పులో అద్దాల కిటికీ, గోడకు మేడమెట్లు, స్తంభాలు వేసిన తెర, దాని ముందు ఒక కుర్చీ. మూడుకాళ్ల మీద కొయ్య కెమెరా. దాని ముందు ఇత్తడి గొట్టంలో అద్దం. మామ దాన్ని కన్ను అనేవాడు. ఆ కన్ను లోపల కాగితంకంటే పలచని ఉక్కురేకులు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుని ఉండేవి. వాటిని రెప్పలు అనేవాడు.

నా కాళ్లు నిలిచింది ఆ రెప్పల ముందే. వెలుతురు ఎంతసేపు లోపలికి పోవాలో ఒక బిళ్లను తిప్పి చెప్పేవాడు మామ. పక్కనున్న మీట నొక్కితే లోపల స్ప్రింగు బిగుసుకుని కాచుకుని ఉంటుంది. చేతిలోని రబ్బరు బుడ్డి పిసికితే సన్నగొట్టంలో గాలి పరుగెత్తి కొక్కేన్ని తప్పిస్తుంది. అప్పుడు రేకులు నడిమి నుంచి అంచులకు పువ్వు మాదిరి విచ్చుకుని, తిరిగి ముడుచుకుంటాయి.

"విచ్చుకున్నాక ముడుచుకోవాలని వాటికెవురు చెప్తారు మామా?"

"గాలి" అన్నాడు మామ. పక్కనే నా చిటికెనవేలంత ఇత్తడి గొట్టం చూపించాడు. దాని లోపల ఒక బిరడా. స్ప్రింగు ఆ బిరడాను లాగుతుంటే గొట్టంలోని గాలి అడ్డం పడి, మెల్లగా దారి ఇస్తుంది. ఆ దారి ఇచ్చినంతసేపే రెప్పలు తెరుచుకుని ఉంటాయి. నాకు అర్థం కాకపోతే సైకిల్ పంపు తెచ్చి చేతికిచ్చాడు. "మూతి యేలుతో మూసి నొక్కి సూడు. బిరబిరా దిగుతాదా?"

దిగలేదు. గాలికి బలముంటుందని నాకు తెలిసింది ఆ రోజే.

మామ అన్నానికి లేస్తే నేను పోయి రబ్బరు బుడ్డి పిసికేదాన్ని. 'టిక్... జుం... టక్'. దానితోపాటు నా కండ్లు కూడా తెరిచి మూసేదాన్ని. లోపలి నుంచి మామ కేకవేసేవాడు: "మేయ్, స్ప్రింగు సచ్చిపోతాది!"

అయితే మామను ఎక్కువగా పిలిచేది చావు ఇండ్లకే. ఆ కాలంలో మా వైపు చాలామందికి ఫోటో అంటే పోయినాక తీసేదే. కుర్చీలో కూర్చోబెట్టి, కండువా కప్పి, తల వాలకుండా మెడ వెనక గుడ్డ కట్టి, చుట్టూ ఇంటివాళ్లు నిలబడేవాళ్లు. అక్కడి నుంచి వచ్చిన మామ పెరట్లోనే నీళ్లు పోసుకుని, తలవంచుకుని అన్నం తినేవాడు. అత్త ఆయన కంచంలో ఇంకొంచెం నెయ్యి వేసేది.

ఒకరోజు ఆళ్లగడ్డ వైపు పల్లె నుంచి మా అవ్వ, అంటే మామను కన్నతల్లి, బస్సు దిగి వచ్చింది. గంపలో జొన్నరొట్టెలు, వాటిలోకి ఊరుమిండి పచ్చడి, పచ్చి బుడ్డలు. గంప దింపకముందే చెప్పుకొచ్చింది.

"మా ఎదురింటి పెద్దాయనకు నువ్వు తీసిన పటం సూసినా. కండ్లు మూసుకోని, నోరు ఇంత తెరుసుకోని. ఆయమ్మ రోజూ దానికే పూలు పెడతాంది. నాకట్లాంటిది వద్దురా. మీ నాయనది తెరిసిన కండ్లతో గావాల."

మామ నవ్వాడు కానీ ముఖంలో నవ్వు లేదు. "నా ముందర కూసుంటాడా ఆయప్ప?"

మామ మడక, అంటే నాగలి, వదిలి కెమెరా నల్లగుడ్డలో తల దూర్చిన నాటి నుంచి తాత ఆ స్టూడియో గడప తొక్కలేదు. పీనుగుల పటాలు తీసి బతుకుతాడని నలుగురిలో అనేవాడు.

"కూసోబెడతా" అంది అవ్వ. "నేను అడిగినా. నా మొగం సూసి ఊ అన్నాడు. అయితే ఎక్కువ దినాల్లేవురా. వణుకుడు ముదిరింది. మజ్జిగ నోటికి పోయేలోపల సగం పంచె మీదనే. వైద్యుడు ఇంగ తగ్గదన్నాడు. దసరా దాటినాక రా."

మామకు ఆ రోజు నుంచి నిలకడ లేదు. వణికే మనిషిని ఎట్లా తీయాలో నాకు చెప్పేవాడు, అత్తకు కాదు. బిళ్లను చివరి అంకెకు తిప్పితే రేకులు రెప్పపాటుకంటే ముందే మూసుకుంటాయంట. చెయ్యి ఇటు నుంచి అటు పోయేలోపల బొమ్మ పడిపోతుందంట. "ఎండలో పెట్టి ఒక్క టిక్కు. అంతే. వణుకుడు పటంలో కనపడనే కనపడదు." రోజూ కెమెరా తుడిచేవాడు, రోజూ రేకులు ఆడించి చూసేవాడు. నేను ఎగురుతూ ఆయన వెంట తిరిగేదాన్ని.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు అత్త తెల్లవారే తలంటుకుని, ఇంట్లో ఉన్న పనిముట్టు ప్రతిదాన్నీ కడిగి బొట్టు పెట్టింది. అలసందల వడలు, బెల్లం ఓళిగలు చేసింది. ఆ వాసనకు వీధి వీధంతా మా గడపలోనే ఉందనిపించింది. కెమెరాకు గంధం, కుంకుమ, బంతిపూల దండ. మామ చూసి మురిసిపోయాడు.

మరుసటి రోజు రబ్బరు బుడ్డి పిసికితే 'టిక్' అనలేదు. రేకులు కొంచెం కదిలి, సగం నిద్రలో ఉన్న కంటి మాదిరి నిలిచిపోయాయి.

"దీన్ని ఎవురు ముట్టినారు?" అంటూ మామ నా వైపు తిరిగాడు.

"నేను కాదు మామా!"

వంటింటి వాకిలి నుంచి అత్త జవాబు చెప్పింది. "నేనే. ఆయుధపూజ గదా. కుట్టుమిషనుకు నూనె పోసినా, సైకిలుకు పోసినా, బాయి గిలకకు పోసినా. మనకు కూడు పెట్టేదానికి పోయకుండా ఉంటానా?"

"యాడ పోసినావ్?"

"ఆ చిన్న ఇత్తడి గొట్టంలో. దానికే నోరుండాది. గానుగలో ఆడిచ్చిన బుడ్డల నూనె, మంచిదే."

మామ నుదురు పట్టుకుని కూర్చున్నాడు. "మంచిదేనంట! గాలితో నడిచేది మే అది. దానికి నూనె ఇసం."

"గాలితో నడుస్తాదని నాకెవురు చెప్పినారు? ఈ పిల్లకు పొద్దస్తమానం చెప్తావ్. నాకు ఎప్పుడన్నా ఒక్క మాట చెప్పినావా?"

అత్త కండ్లు తుడుచుకుంటూ పోయి, ఉతికిన తెల్లపంచె తెచ్చి అద్దాల కిటికీ కింద పరిచింది. మామ దాని మీద కూర్చుని కెమెరా కన్ను విప్పాడు. నూనె గొట్టంలో నుంచి రేకుల మీదికి పాకింది. దానిలో గంధం, కుంకుమ కలిసి ఎర్రటి జిగురైంది. తడిసిన ఆకుల మాదిరి రేకులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఒక్కొక్కటే పట్టకారుతో తీసి పెట్రోలులో కడిగాడు, ఆరబెట్టాడు, మళ్లీ అమర్చాడు. 'టిక్' మంది. నేను చప్పట్లు కొట్టాను. ఇంకోసారి 'టిక్' మంది. ఎండ ఎక్కాక గొట్టంలో మిగిలిన నూనె చెమర్చి మళ్లీ దిగింది, రేకులు మళ్లీ నిలిచిపోయాయి. సాయంత్రందాకా అదే పని. పెట్రోలు వాసనకు నాకు తల తిరిగింది. చివరికి మామ ఆ రేకులన్నీ ఊడదీసి కాగితంలో చుట్టాడు. మద్రాసుకు పంపితే బాగుచేసి పంపుతారు, అయితే నెలలు పడుతుంది.

"ఇంగ మూతే గతి" అన్నాడు. అద్దానికి పెట్టే మూత ఉంటుంది. దాన్ని చేత్తో తీసి, చేత్తో పెట్టాలి. "మూత తీసి మళ్లా పెట్టేలోపల నరసింహా అని నిదానంగా అనుకునేంత సేపు పడతాది. అంతసేపు మా నాయన చెయ్యి నిలుస్తాదా?"

"నిలిపేటోడు అహోబిలంలో ఉండాడు" అంది అత్త. "నేనూ వస్తా."

బస్సులో మామ ఒళ్లో ఫోటో పడే గాజుపలకల పెట్టె. ఎగుడుదిగుడు వచ్చినప్పుడల్లా దాన్ని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను లేచీ కూర్చునీ, కిటికీలో తల పెట్టీ తీసీ, కండక్టరుతో తిట్లు తిన్నాను. ఆళ్లగడ్డలో దిగితే రాయి చెక్కేవాళ్ల ఉలి చప్పుళ్లు. అక్కడి నుంచి ఎద్దులబండి. వాన కురిసి తెరిపి ఇచ్చిన నల్లరేగడి వాసన. చిత్తకార్తె వచ్చింది, చేలన్నిటిలో జొన్న విత్తుతున్నారు.

తాత వాకిట్లో మంచం మీద ఉన్నాడు. కొడుకును చూసి అన్నాడు: "ఏమిరా, నేనింగా సావలేదే. అప్పుడే వచ్చినావు?"

మామ పలకల పెట్టె కింద దించాడు. అవ్వ అందుకుంది. "నోరు మూసుకోని కూసో. మాటిచ్చినావా లేదా?"

"ఇచ్చినా. అందుకే విత్తే గొర్రు చేన్లో నిలబెట్టి వచ్చినా. తొందరగా కానిమ్మను."

ఎదురింటి నుంచి కుర్చీ తెచ్చారు. అవ్వ కొత్త తలగుడ్డ చుట్టింది. తాత కూర్చున్నాడు. కూర్చోగానే కుడిచెయ్యి మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు ఏదో మాత్ర నలుపుతున్నట్టు ఒకదాని మీద ఒకటి ఆడసాగాయి. ఆయన ఎడమచేత్తో పట్టుకుంటే రెండూ వణికాయి. కండువా కింద దాచితే తల ఊగింది.

"నాయనా, కదలొద్దు" అన్నాడు మామ నల్లగుడ్డలో నుంచి.

"కదలొద్దు కదలొద్దు అంటే! నేను చెప్తే ఇంటాదిరా అది? పుట్టించినోని మాటే ఇంటల్లేదు."

మామ మూత తీసి పెట్టాడు. బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఇంకో పలక పెట్టాడు. అదీ పోయింది. చెమటలు పట్టాయి ఆయనకు. నాకు నిలబడటం చేతకాక వాకిలంతా తిరుగుతున్నాను. అప్పుడు మామ, తను ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు, సంచిలో నుంచి ఒక పొడుగాటి గుడ్డ తీసి తాత మెడ వెనక్కు పోయాడు.

"ఆ గుడ్డ తియ్యిరా" అంది అవ్వ.

గట్టిగా అనలేదు. అయినా కట్టేసిన దూడ కూడా అటు చూసింది. ఆ గుడ్డ ఎక్కడెక్కడ కట్టాడో మామకు అప్పుడు గుర్తొచ్చిందేమో, చేతిలో నుంచి జారిపోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

తాతకు అంతా తెలిసింది. లేచి చెప్పులు వేసుకున్నాడు. "పొద్దు పోతాంది. నేల పదను ఆరితే విత్తనం నాకోసం కాసుకోదు" అని చేని దారి పట్టాడు.

అత్త నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. అవ్వ మాత్రం పోతున్న తాతనే చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి మామ భుజం తట్టింది. "ఎత్తుకో నీ మిషను. చేన్లో తియ్యి."

"చేన్లో ఎట్లమ్మా?"

"ఊరికే కూసుంటేనేరా ఆయప్ప వణికేది. విత్తనం పట్టుకున్నప్పుడు సూసినావా ఎప్పుడన్నా? మడక వదిలి పోతివి, నువ్వేం సూసింటావ్."

గొర్రుకు ఎద్దులు కట్టి ఉన్నాయి. దాని మీద జడ్డిగం, అంటే విత్తనం పోసే కొయ్యగిన్నె. గిన్నెలో పడిన గింజలు వెదురు గొట్టాల గుండా చాళ్లలోకి దిగుతాయి. పాలేరు ఎద్దులను తోలాడు, తాత నడుముకు జొన్నల వొడి కట్టుకుని వెనక నడిచాడు. గుప్పిలి నింపి గిన్నె మీద పెట్టి, వేళ్లు సడలించీ సడలించనట్టు సడలించాడు. గింజలు జారుతున్నాయి, చెయ్యి నిలిచింది. మజ్జిగ గిన్నె పట్టలేని చెయ్యి అది. మామ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

పొద్దు వాలుతోంది. తూర్పున నల్లమల కొండలు ఎర్రబడుతున్నాయి. మామ మూడుకాళ్లు రేగట్లో నాటి, ఎద్దులను ఆపమన్నాడు.

తాత గుప్పిలి గిన్నె మీదే ఉంచి అడిగాడు. "ఇంతకీ ఏముంటాదిరా దాంట్లో?"

ఆయన అడగడం అదే మొదలు. మామ చెప్పాడు. "వెలుతురును కొంచెమే లోపలికి వదలాల నాయనా. ఎక్కువ పడితే పటం మాడిపోతాది. తక్కువైతే బొమ్మ రాదు. అంత మాత్రం తెరిసి, మూసేదానికి లోపల రేకులుంటాయి."

తాత తన గుప్పిలి వైపు చూసుకున్నాడు. "అంటే విత్తేదే గదా. గుప్పిలి ఎక్కువ తెరిస్తే గుత్తులుగా పడతాయి, తక్కువైతే చాళ్లు బోసిపోతాయి."

"అదే నాయనా. అంతే."

"మరి రేకులు యాడ?"

మామ అత్త వైపు చూశాడు. అత్త తలదించుకుంది. "చెడిపోయినాయి" అన్నాడు మామ. "ఈ పొద్దు నా చెయ్యే."

"అట్లయితే తియ్యి. నువ్వు వణకొద్దు."

అందరం నవ్వాము. నవ్వు ఆగాక చూస్తే నిజంగానే మామ చెయ్యి వణుకుతోంది. మూత పట్టుకున్న వేళ్లు ఇత్తడి మీద టకటకమంటున్నాయి. అత్త వచ్చి ఆయన పక్కన నిలబడింది. "నేను అంటా. నువ్వు నా మాట వెంబడే పో" అని, కండ్లు మూసుకుని, పాడేటప్పటి గొంతుతో నిదానంగా అంది: "న-ర-సిం-హా."

మొదటి అక్షరానికి మూత లేచింది. చివరి దానికి పడింది. ఆ నడుమ తాత కెమెరాను కాదు, దాని వెనకనున్న కొడుకును చూశాడు. నా కాళ్లు కూడా నిలిచాయి. గాలి బిగపట్టి ఉన్నానని మూత పడినాక తెలిసింది.

నంద్యాలకు వచ్చి మామ చీకటిగదిలోకి పోయాడు. బయట అత్త గోడకానుకుని, నేను ఒంటికాలి మీద గెంతుతూ. తలుపు తెరుచుకుంది. తడి గాజుపలక వెలుతురుకు ఎత్తి పట్టాడు. నలుపు తెలుపైన బొమ్మలో నాకేమీ తెలియలేదు. అత్త మాత్రం "కండ్లు!" అంది.

కాగితం మీదికి వచ్చాక చూశాను. తలగుడ్డలో ప్రతి మడతా తెలుస్తోంది. తెరిచిన కండ్లు, నవ్వుకు కొంచెం ముందరి ముఖం, జడ్డిగం మీద రాయి మాదిరి నిలిచిన గుప్పిలి. కదిలినవి గింజలే. ఆపమన్నా ఆయన వేళ్లు వాటిని వదులుతూనే ఉన్నాయి. గుప్పిలికీ గిన్నెకూ నడుమ అవి సన్నని తెల్లదారాలై పడ్డాయి.

ఆ జొన్న కంకి పాలు పోసుకోకముందే తాత పోయాడు. వాకిట్లో ఎవరో పెద్దమనిషి "కుర్చీ తెప్పిచ్చండి, కొడుకే ఫోటోలాయన గదా, మిషనేదీ?" అన్నాడు. మామ లేవలేదు. అవ్వ ఏడుపు ఆపి చెప్పింది: "మాకు తీసుకోవడం అయిపోయిందప్పా."

మద్రాసు నుంచి రేకులు బాగై వచ్చాయి. మరుసటి దసరాకు మామ అత్తను కూర్చోబెట్టి బిళ్ల, మీట, స్ప్రింగు, గాలిగొట్టం అన్నీ విడదీసి చెప్పాడు. ఆమె అంతా శ్రద్ధగా విని, కెమెరా మూడుకాళ్లకు మాత్రం బొట్లు పెట్టి, "అమ్మా, నీకు ఇంగ దూరం నుంచే దండం" అంది. బతికినన్నాళ్లూ మామ ఆమెను "నూనె పోసినావా?" అని ఏడిపించేవాడు. నేను మాత్రం సాయంత్రం దీపంలో నూనె పోసినప్పుడల్లా ఆమెకు మనసులో మొక్కుకుంటాను. ఆ రోజు ఆ రేకులు బాగా ఆడి ఉంటే, ఎదురింటి కుర్చీలో బిగుసుకున్న ఒక ముసలాయన ఒక్క టిక్కులో పటమై ఉండేవాడు. తండ్రీ కొడుకూ ఆ చేన్లో మాట్లాడుకునేవాళ్లు కాదు. దేవుడు ఎవరి చేతి మీదుగా ఏమి ఇస్తాడో మనకు తెలియదు.

"అవ్వా, ఇంగొక్కసారి" అంది కంటి ఆసుపత్రి పిల్ల. విసుగు దాచుకుంటోంది పాపం.

సాయంత్రం పూజకని గేటు దగ్గర కొన్న కనకాంబరాలు నా సంచిలో ఉన్నాయి, దారం ఉంది. గడ్డం పీట మీద నుంచి తీయకుండానే చేత్తో వెతికి ఒళ్లోకి తెచ్చుకున్నాను. రెండు పూలు, రెండు పూలు, మధ్యలో ముడి. దానికి కండ్లతో పనిలేదు. చెయ్యి నిలిచింది. చెయ్యితోపాటు భుజం, గడ్డం.

"ఇప్పుడు తియ్యి పాపా."

'టిక్' మంది. "బలే వచ్చిందవ్వా!"

చుక్కల మందు వల్ల సాయంత్రందాకా కంటిపాప ముడుచుకోదని చెప్పి పంపారు. బయటికి వస్తే వీధిలోని వెలుతురంతా అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వచ్చిపడింది. ఆటోలు, మనుషులు, అరటిపండ్ల బండి, అన్నీ తెల్లగా కరిగిపోయాయి. ఏమీ కనపడక మెట్ల మీదనే కూర్చున్నాను. పూలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి. నరసింహా అనుకుంటూ కట్టుకుంటూ కూర్చున్నాను.